పదమూడో బటర్ పేపరు

ఉదయం పదిన్నరకు ఆమె పుస్తకాలు అదిమే ప్రెస్సు మర వదులు చేసి ఆల్బమ్‌ను బయటికి తీసింది. అందులో పన్నెండు బటర్ పేపర్లున్నాయి. ఉండాల్సినవి పదమూడు.

ఆ సంగతి లెక్కపెడితే తెలిసింది కాదు. ఒక్కో ఆకూ తిప్పుతూ, అంటుకోకుండా మధ్యలో పెట్టిన బటర్ పేపరు తీసి పక్కన పేర్చుకుంటూ వెళ్లింది. పదకొండు ఆకులు ఏ పేచీ లేకుండా తిరిగాయి. ఆఖరి రెండూ మాత్రం జంటగా లేచాయి. వేలితో విడదీయబోయి ఆగిపోయింది. ఆ రెండాకుల నడుమ రెండు ఫోటోలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి పోస్టుకార్డంత రంగు ఫోటో. రెండోది అగ్గిపెట్టె కన్నా చిన్నది, నలుపు తెలుపు. చిన్నది పోయి పెద్దదానికి అతుక్కుంది.

ఆమె ఆల్బమ్‌ను బల్ల మీద పెట్టింది. ఈ బల్ల ఒకప్పుడు ఇంటి తలుపు. గొళ్లెం ఉండిన చోట రెండు చిల్లులు ఇంకా కనిపిస్తాయి. కాసేపు ఆ చిల్లుల వంకే చూస్తూ నిలబడింది.

"వదినా, ఒకసారి ఇలా రా."

వదిన అంటే భర్తకు అక్క. ముప్పై ఏళ్లు దర్జీ కొట్లో కత్తెర పట్టిన మనిషి. కళ్లజోడు పైకి నెట్టుకుంటూ లోపలి గదిలోంచి వచ్చి, ఆల్బమ్ చూసి, మరదలి మొహం చూసి, మళ్లీ ఆల్బమ్ చూసింది.

"చిన్నదేనా?"

"చిన్నదే."

మాటకు మాట తగిలించకపోతే తిన్నది అరగని వదిన నోరు మూసుకుని స్టూలు మీద కూర్చుంది. దాన్నిబట్టే ఆమెకు తప్పు ఎంత పెద్దదో తెలిసింది.

ఆ వీధిలో ఆమెను పన్నెండాకులమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది కాగితాల కొట్టు యజమాని. దళసరి కాగితం పెద్ద షీటు ఒకటి కోస్తే నాలుగు ఆకులొస్తాయి. మూడు షీట్లకు పన్నెండు. ముక్క మిగలదు, వృథా పోదు. పదకొండేళ్లలో ఆమె నాలుగు వందలకు పైగా ఆల్బమ్‌లు చేసింది. ఒక్కదానికి కూడా పదమూడో ఆకు పెట్టలేదు. ఇంకో రెండు ఆకులు వెయ్యమని ఒకరిద్దరు బతిమాలారు. పన్నెండు ఫోటోల్లో పట్టనంత బతుకు ఎవరు బతికారో చూపించమని చెప్పి పంపించేసింది.

అంతకు ముందు పదహారేళ్లు బైండింగు షాపులో పని. ఆఫీసు రిజిస్టర్లు, హాజరు పుస్తకాలు, రసీదు పుస్తకాలు కుట్టేది. ఆఫీసులు కంప్యూటర్లకు మళ్లాక షాపు మూతబడింది. సామానంతా పాత ఇనుముకు వెళ్లిపోతుంటే ఈ చేతి ప్రెస్సునొకదాన్ని అడిగి తెచ్చుకుంది. రెండేళ్లు అది వరండాలో పూలకుండీలకు పీటగా పడి ఉంది. మేనకోడలి చదువు పూర్తయినప్పుడు చేత్తో చేసిందేదైనా ఇద్దామని, కుండీలు దింపి, మామగారి పాత చొక్కా గుడ్డ కప్పి ఓ ఫోటో ఆల్బమ్ తయారుచేసింది. అది చూసినవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎవరి గుడ్డ వాళ్లే తెచ్చుకుంటారు. తలుపు తెర, చిరిగిన కోటు, పసిపిల్ల దుప్పటి, ఒకాయనైతే గొడుగు బట్ట. వదిన గుడ్డ కోసి, వెనక పల్చటి కాగితం అంటిస్తుంది. అలా అంటించకపోతే జిగురు నేతలోంచి పైకి ఊరి, మొహం మీద మచ్చల్లా తేలుతుంది. మిగతాదంతా ఆమె చేతి పని.

నియమాలు రెండే. ఫోటోను కాగితపు మూలల్లో దూర్చాలి తప్ప వెనక జిగురు పూయకూడదు. అసలు ఫోటో వాళ్లింటి గడప దాటి రాకూడదు. కాపీ తీయించుకునే రావాలి. పదకొండేళ్లు గీత గీసినట్టు పాటించిన ఈ రెంటినీ నిన్న ఒక్క పూటలో తుడిచేసింది.

ఈ ఆల్బమ్ చేయించినాయన బస్సు డ్రైవరు. ఆమె భర్త మెకానిక్కుగా ఉన్న డిపోలోనే పని. డ్రైవరు వాళ్లక్క ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు దుప్పట్లు ఉతికి ఈ రోజు రిటైరవుతోంది. సాయంత్రం ఐదింటికి ఆసుపత్రి హాల్లో సభ. అక్కడ అందరి ముందూ ఇవ్వడానికి ఈ ఆల్బమ్. అట్టకు కప్పిన గుడ్డ, అక్కాతమ్ముళ్లు మొట్టమొదట అద్దెకున్న గది కిటికీ తెర. నీలం మీద తెల్ల చుక్కలు. కుడి పేజీల్లో అక్క ఫోటోలు పన్నెండు, అన్నీ కాపీలే. ఎడమ పేజీల్లో లాండ్రీ వాళ్లు తలా నాలుగు ముక్కలు రాసి సంతకాలు పెట్టారు. నాలుగు రోజుల కిందటే పని అయిపోయింది, చేతులు కడుక్కుంది కూడా.

నిన్న మధ్యాహ్నం డ్రైవరు మళ్లీ వచ్చాడు. పర్సు తీశాడు, అందులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, కవర్లోంచి ఈ చిన్న ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. ఏదో మిల్లు గుర్తింపు కార్డు నుంచి ఊడదీసింది. మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి. భుజం కింద ఊదారంగు స్టాంపు, సగం వృత్తం. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, కెమెరాను వదిలేసి దాని పక్కన నిలబడ్డవాళ్లెవరినో చూస్తోంది.

అది వాళ్లమ్మ. డ్రైవరుకు రెండేళ్లప్పుడు పోయింది. అక్కకు అప్పటికి పదేళ్లు. అమ్మ ఫోటో లోకంలో ఇదొక్కటే ఉంది, అక్క దీన్ని ఎన్నడూ చూడలేదు అన్నాడు. ఎందుకు చూడలేదని ఆమె అడగలేదు. ఫోటోలు తెచ్చేవాళ్లు చెప్పింది వినడమే తప్ప తవ్వి అడగడం ఆమెకు అలవాటు లేదు. కాపీ తీయించుకు రమ్మని మాత్రం చెప్పింది.

"కాపీ వద్దు చెల్లెమ్మా," అన్నాడు డ్రైవరు. "ముప్పై రెండేళ్లు అసలుది నా జేబులోనే ఉంది. ఇక అక్క దగ్గర ఉండాలి."

ఆ మాటకు ఆమె మెత్తబడింది. ఆల్బమ్‌లో ఆఖరి ఫోటో, అక్కకు ఇరవై ఎనిమిదేళ్లప్పటిది. అమ్మ దానికి ఎదురుగా ఉండాలని ఆయన కోరిక. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కోరికలో తప్పేమీ కనిపించలేదు. ఆ కనుబొమలు, ఆ గడ్డం ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఎదుటి పేజీ నిండా సంతకాలున్నాయి కాబట్టి ఓ కొత్త ఆకు కోసి, పన్నెండో ఆకుకు ముందు వెన్ను దగ్గర అంటించింది. అరిగిన మూలలు కాగితపు మూలల్లో నిలవలేదు కాబట్టి ఫోటో వెనక నాలుగు చుక్కలు మైదా జిగురు పెట్టింది. సాయంత్రమంతా వాన, గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. బటర్ పేపర్లు ఎప్పటిలాగే పన్నెండు లెక్కపెట్టి తీసుకుంది. మొదటి ఆకు నుంచి ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చింది. చేతిలోవి అయిపోగానే పుస్తకం మూసి మర బిగించింది. పదకొండేళ్లుగా చేతిలో కాగితాలు అయిపోతే ఆకులూ అయిపోయినట్టే లెక్క.

ఇప్పుడు ఆ చెమ్మంతా రెండు ఫోటోల మధ్యకు చేరి, పైన ఇనుప పలక బరువు పడి, రాత్రికి రాత్రి రెంటినీ ఒకటి చేసింది.

"నీకు లెక్కలు రావని మా తమ్ముడు పెళ్లినాడే చెప్పాడు," అంది వదిన చివరికి. ఊరడింపు మాటలు ఆవిడకు ఇలాగే వస్తాయి.

ఆమె ముందు పుస్తకాన్ని గండం నుంచి తప్పించింది. కొత్త ఆకును వెన్ను దగ్గర కోసేసి, పెద్ద ఫోటోను దాని నాలుగు మూలల్లోంచి మెల్లగా జార్చింది. ఆల్బమ్ చెక్కుచెదరలేదు. చేతిలో మిగిలింది మూడు పొరల ముద్ద. కింద దళసరి ఆకు, దాని మీద తల్లి, తల్లి మీద బోర్లా కూతురు.

కాగితం మడతలు నొక్కే ఎముక బద్ద ఒకటుంది ఆమె దగ్గర. అంచు పల్చగా అరిగి గోరులా ఉంటుంది. దాన్ని రెండు ఫోటోల మధ్యకు దూర్చి, వెంట్రుకవాసి లోపలికి జరిపింది. కదిలినట్టే అనిపించింది. ఇంకాస్త జరిపింది. చిర్రుమని చిన్న చప్పుడు. కాగితంతో ఇరవై ఏడేళ్లు గడిపిన చెవికి ఆ చప్పుడేమిటో చెప్పనక్కర్లేదు. బద్ద వెనక్కి లాగి చూస్తే, దాని అంచున గసగసాల గింజంత నల్లటి పొర. ఎక్కడిదో తెలియదు. భుజం కావచ్చు, చెంప కావచ్చు.

బద్దను బల్ల మీద పెట్టేసింది. వదిన ఇస్త్రీ పెట్టెతో వెనకనుంచి వేడి పెడితే ఊడుతుందేమో అంది. కెటిల్ ఆవిరి పట్టిద్దామా అని కూడా అంది. ఆమె ఫోను తీసుకుని ఫోటో స్టూడియో ముసలాయనకు చేసింది. నలభై ఏళ్లు చీకటి గదిలో ఫోటోలు కడిగి, ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి. ఈ ఆల్బమ్ కాపీలు తీసిందీ ఆయనే.

విషయమంతా విని ఆయన అడిగిన మొదటి మాట, ఎవరైనా వేడి పెట్టారా అని. లేదంది.

"పెడితే ఇక నాకు ఫోను చెయ్యక్కర్లేదు. పొర కరిగి కారిపోతుంది," అన్నాడు. "చూడమ్మాయ్, ఆ కాలం ఫోటో పుట్టిందే నీళ్లలో. చల్లటి నీళ్లలో వెయ్యి. అదే నాని, అదే వదులుతుంది."

"రంగుది, బాబాయ్?"

"రంగుది నా ప్రింటర్లో తీసింది. నీళ్లు తగిలితే సిరా అంతా పోతుంది, పోనీ. అది నా కంప్యూటర్లో ఉంది, పావుగంటలో మళ్లీ తీస్తా. ఆ చిన్నది ఎవరి కంప్యూటర్లోనూ లేదు. ఇంకో మాట. చిన్నదాన్ని పట్టుకుని లాగకు. చిన్నది కదలకూడదు, పెద్దదాన్నే దాని మీంచి వంచి తియ్యి. వంగినా, చిరిగినా పెద్దదే చిరగాలి."

ఆ రంగు సిరా పోయి చిన్నదానికి అంటితే ఎలా అని అడిగింది. నీళ్లు మారుస్తూ ఉండమన్నాడు. మరి స్టాంపు అంది. స్టాంపు సిరా గురించి తను పూచీ పడలేనన్నాడు. కొన్ని నిలబడతాయి, కొన్ని నిలబడవు.

పదకొండున్నరకు బల్ల మీద వెడల్పాటి స్టీలు పళ్లెం పెట్టి, కుండలోని చల్లటి నీళ్లు పోసింది. ఆ మూడు పొరల ముద్దను రెండు చేతుల్లో పట్టుకుని పళ్లెం ముందు నిలబడిపోయింది. ఇప్పటివరకు జరిగింది పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు. ఇక్కడి నుంచి జరిగేది మాత్రం తను తెలిసి చేసేది. ఒక మనిషికి యాభై ఏళ్లుగా కనిపించని తల్లి మొహాన్ని, ఇంకో మనిషి ఫోనులో చెప్పాడని, నీళ్లలో ముంచబోతోంది. డ్రైవరుకు ముందు చెప్పాలా అనుకుంది. ఆయన బస్సు నడుపుతూ ఉంటాడు, నలభై మంది వెనక కూర్చుని ఉంటారు. ఈ వార్త వినే సమయం కాదు.

"వేస్తావా, నన్ను వెయ్యమంటావా?" అంది వదిన.

వేసింది.

ముందు ఏమీ జరగలేదు. తర్వాత పెద్ద ఫోటో అంచుల నుంచి గులాబీ రంగు దారాల్లా నీళ్లలోకి సాగింది. దాని వెనకే పసుపు, నీలం. వదిన చెంబుతో ఒక పక్కనుంచి నీళ్లు తోడుతూ ఉంటే, ఆమె ఇంకో పక్కనుంచి మంచినీళ్లు పోస్తూ ఉంది. పావుగంటకు కింది ఆకు తనంతట తనే విడిపోయింది; మైదా జిగురు నీళ్లకు నిలవదు. మిగిలిన రెండూ మాత్రం మొండికేశాయి. అరగంట అయింది. ముప్పావుగంట అయింది. రెండుసార్లు ఆమె వేళ్లు నీళ్లలోకి వెళ్లాయి, రెండుసార్లూ వదిన ఆ మణికట్టు పట్టుకుంది.

"గుడ్డ నానకుండా పిండితే ఏమవుతుందో నాకు తెలుసు. కూర్చో."

కూర్చోలేదు. కూర్చుంటే లేవలేననిపించింది. వీధిలో ఎవరో స్కూటరు ఆపిన చప్పుడైతే ఇద్దరూ ఒక్కసారే తలుపు వైపు చూశారు. పక్కింటి వాళ్ల కోసం వచ్చిన మనిషి.

పన్నెండూ ముప్పైఐదుకు పెద్ద ఫోటో మూల ఒకటి నీళ్లలో అలలా లేచింది. ఆమె చిన్నదాన్ని అంచు దగ్గర రెండు వేళ్లతో పళ్లేనికి అదిమి, పెద్దదాని మూలను మరో చేత్తో పట్టుకుని, వెనక్కి, ఇంకా వెనక్కి, దాదాపు రెండుగా మడిచినంత వంచింది. అది వస్తోంది. తడిసిన ఉల్లిపొరలా వస్తోంది. ఒకచోట ఆగింది. అక్కడే ఇందాక బద్ద తగిలింది. చెంబుతో నీళ్లు ఆ సందులోకి పోయమని వదినకు కళ్లతోనే చెప్పింది. వదిన పోసింది. ఇంకాస్త వంచింది. విడిపోయింది.

ఇద్దరూ పళ్లెంలోకి వంగారు. పెద్ద ఫోటోలో ఇక మనిషి లేదు, మూడు రంగుల మడుగు ఉంది. చిన్నదాన్ని ఆమె అరచేతిలోకి తీసుకుని, నీళ్లు జార్చి, అద్దుడు కాగితం మీద వెల్లకిలా పెట్టింది. అప్పటికి గాని చూసే ధైర్యం రాలేదు.

మొహం ఉంది. రెండు కళ్లూ, కనుబొమలూ, ముక్కూ, నోరూ, అన్నీ ఉన్నాయి. ఎడమ భుజం మీద చిటికెనవేలి గోరంత పొర లేచిపోయి తెల్ల కాగితం బయటపడింది. మెడ దగ్గర లేత గులాబీ నీడ పట్టింది. స్టాంపు లేదు. ఉన్నచోట ఊదారంగు పొగ మిగిలింది, అంతే.

వదిన స్టూలు మీద చతికిలబడి, తన తల ప్రాణం తోకకొచ్చిందనీ, ఈ ఇంట్లో ఇక ఎవరి తల్లి ఫోటో అయినా సరే కాపీ కాకపోతే తలుపు తియ్యనివ్వననీ అంది. ఆమె ఫోటోను ముట్టుకోకుండా, ఫ్యాను ఆపి, దుమ్ము పడకుండా నాలుగు వైపులా పుస్తకాలు నిలబెట్టి పైన పల్చటి గుడ్డ పరిచింది. స్టూడియోకు మళ్లీ ఫోను చేస్తే, నానిన పొర వెన్నలా ఉంటుంది, వేలు పడితే వేలిముద్ర పడుతుంది, కనీసం మూడు గంటలు దాని జోలికి పోవద్దన్నాడు. అక్క ఫోటో కొత్తది తీసి, సభ వేళకు తనే తెచ్చిస్తానన్నాడు.

ఒంటిగంట దాటాక వదిన కత్తెర తీసింది. దళసరి కాగితం ముక్క ఒకటి తీసుకుని, మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో కిటికీ కోసింది. తీసుకొచ్చి గుడ్డ ఎత్తి, ఫోటో మీద తగలకుండా గాలిలో పట్టుకుంది. ఆ కిటికీలోంచి మొహం మాత్రమే కనిపిస్తోంది. భుజం లేదు, గులాబీ నీడ లేదు, స్టాంపు ఉండిన చోటు లేదు. అసలు అలాగే ఉండాలన్నట్టుంది. ఇంకా అందంగా కూడా ఉంది.

"డ్రైవరు వాళ్లక్క ఎప్పుడూ చూడలేదుగా. ఆవిడకేం తెలుస్తుంది?" అంది వదిన.

"ఆయనకు తెలుస్తుంది."

"ఆయనకు మొహం చాలు. అడిగితే ఇలా పెడితే నిండుగా ఉంటుందని పెట్టామను. అబద్ధం కూడా కాదది."

ఆమె ఆ కాగితపు కిటికీని చేతిలోకి తీసుకుంది. వదిన చేతి పని. అంచులో ఒక్క వంకర లేదు. దాన్ని ఫోటో పక్కన పెట్టింది. నీళ్లు నములుతూ గంట సేపు పళ్లాలు కడిగింది, బల్ల తుడిచింది, తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది.

డ్రైవరు మూడింటికి వస్తానన్నాడు. రెండింటికే వచ్చాడు. యూనిఫాం మార్చుకుని, తల దువ్వుకుని, షూ పాలిష్ చేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, పని అయిపోయిందా చెల్లెమ్మా అన్నాడు. బల్ల మీద ఆల్బమ్ నీలం తెరతో నిగనిగలాడుతోంది. ఆయన మొహం వెలిగింది. దాన్ని చేతిలోకి తీసుకుని తిన్నగా చివరికి తిప్పాడు. అక్కడ సంతకాల పేజీకి ఎదురుగా ఖాళీ పేజీ.

వదిన కాగితపు కిటికీని అందుకుని ముందుకు రాబోయింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"డ్రైవరన్నా, నా వల్ల ఒక తప్పు జరిగింది. ముందు కూర్చో."

ఆయన కూర్చోలేదు. ఆమె పదమూడో బటర్ పేపరు దగ్గర మొదలుపెట్టి, బద్ద దూర్చిన సంగతి, నీళ్లలో వేసిన సంగతి, ఏదీ వదలకుండా, ఏదీ మెత్తబరచకుండా చెప్పింది. చెప్పడం అయ్యాక గుడ్డ తీసింది.

డ్రైవరు చేతులు వెనక్కి కట్టుకుని, బల్ల మీదకు వంగి చూశాడు. అరుస్తాడని ఆమె సిద్ధపడి ఉంది. అరిచి ఉంటే తేలికయ్యేది.

"స్టాంపేది?" అన్నాడు.

"నీళ్లలో పోయింది."

"నేను మొహం కన్నా ముందు అదే చూసేవాణ్ణి," అన్నాడు. తర్వాత, ఐదింటికల్లా పుస్తకంలో అంటించడం కుదురుతుందా అని అడిగాడు. కుదరదంది. మూడున్నర దాకా ఆరుతూనే ఉంటుంది, ఆ తర్వాత కూడా ఇవాళ జిగురు తగలనివ్వకూడదు. రేపు ఆరిన ఫోటోను కాగితపు పట్టీల్లో దూర్చి తనే స్వయంగా తీసుకెళ్లి ఆవిడకు ఇస్తానంది.

"రేపు కాదు. ఇవాళ అక్కడే ఇవ్వాలి. అందరూ ఉండగా ఇవ్వాలి."

ఆ మాట ఆయన రెండోసారి కూడా అన్నాడు. అందరూ ఉండగా. నాలుగు వందల ఆల్బమ్‌లకు ఫోటోలు తెచ్చినవాళ్లను చూసిన మనిషి ఆమె. గుమ్మంలోకి రాగానే ఎవరు ప్రేమతో చేయిస్తున్నారో, ఎవరు బాకీ తీరుస్తున్నారో పసిగడుతుంది. ఎన్నడూ తవ్వి అడగలేదు. ఈ రోజు తన తప్పు తను చెప్పుకున్నాక, అడగకుండా ఊరుకోవడానికి కారణం కనిపించలేదు.

"ఇన్నేళ్లూ ఆవిడకెందుకు చూపించలేదన్నా?"

డ్రైవరు ఆల్బమ్ మూసి, అట్ట మీది చుక్కలను బొటనవేలితో రుద్దాడు. నాన్న పోయినప్పుడు తనకు ఇరవై అన్నాడు. పెట్టె సర్దింది తనే. అమ్మ మిల్లు కార్డు అందులో దొరికింది. అదే సాయంత్రం అక్క అడిగింది, పెట్టెలో అమ్మ ఫోటో ఏమైనా ఉందా అని. లేదన్నాడు. ఎందుకన్నాడో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అక్కకు అమ్మ గుర్తుంది కదా, నాకు మొహమైనా గుర్తులేదు కదా అనుకున్నట్టు జ్ఞాపకం. తర్వాత వారం చెబుదామనుకున్నాడు. వారం గడిచాక ఎలా చెప్పాలో తెలియలేదు. ఏళ్లు గడిచాక మొహం చెల్లలేదు.

"అందరి ముందూ ఇస్తే ఆవిడ నిన్నేమీ అడగలేదనా?" అంది ఆమె.

వదిన ముక్కున వేలేసుకుంది. బయటివాళ్లను అంత మాట అనడం ఈ మరదలికి చేతనవునని ఆవిడకు ఇంతకాలం తెలియదు. డ్రైవరు తల ఎత్తి ఆమెను చూశాడు. కోపం వస్తుందేమో అనుకుంది, రాలేదు. నిలదీసిన మనిషిని కాక, నిలదీసిన మాటను చూస్తున్నట్టు చూశాడు.

"అవును," అన్నాడు.

వీధిలోకి వెళ్లి గోడ పక్కన నిలబడి ఫోను చేశాడు. ఏం మాట్లాడాడో లోపలికి వినిపించలేదు. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. తిరిగి వచ్చి, అక్క వస్తోంది అన్నాడు. ఆసుపత్రి ఆ వీధికి పది నిమిషాల నడక. వదిన ఆ కాగితపు కిటికీని ఎవరూ చూడకుండా రెండుగా చింపి చెత్తబుట్టలో వేసింది.

పది నిమిషాలు కాలేదు, ఏడు నిమిషాలకే ఆవిడ వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంది. లాండ్రీ ఏప్రాను కూడా విప్పకుండా వచ్చింది. చేతులు నీళ్లలో నానీ నానీ మోచేతుల దాకా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. గుమ్మంలో నిలబడిన తమ్ముణ్ణి దాటుకుని, అతని వైపు చూడకుండా, లోపలికి వచ్చింది. ఎక్కడ అంది. ఆమె బల్ల చూపించింది.

ఆవిడ వంగింది. ఏప్రాను జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ వంగింది. గదిలో మిగతా ముగ్గురూ ఆవిడ వీపునే చూస్తున్నారు. ఆ వీపు కదల్లేదు. భుజం మీది తెల్ల మచ్చ గురించీ, గులాబీ నీడ గురించీ చెప్పి క్షమించమని అడగాలని ఆమె మాటలు కూడగట్టుకుంటోంది.

"ఆ రోజు నేను రెండుసార్లు అడిగాను," అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే.

"అవునక్కా," అన్నాడు డ్రైవరు గుమ్మంలోంచి.

"రెండోసారి అడిగినప్పుడు నీ చెయ్యి జేబులో ఉంది."

ఆవిడ జవాబు కోసం చూడలేదు. చెయ్యి ఫోటో దాకా తీసుకెళ్లి, అంగుళం దూరంలో ఆపి, బైండింగు మనిషి వైపు తిరిగింది.

"ముట్టుకోవచ్చా?"

"ఇప్పుడు కాదమ్మా. పొర ఇంకా పచ్చిగా ఉంది."

"ఎంతసేపు పడుతుంది?"

ఆమె గోడ గడియారం చూసింది. రెండున్నర. ఇంకో గంట పడుతుందని చెప్పింది. ఆవిడ ఏప్రాను విప్పి మడిచి ఒళ్లో పెట్టుకుని, వదిన ఖాళీ చేసిన స్టూలును బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది.